పదికి పది

20 జనవరి 2003, సోమవారం

రేవును వేలంపాటలో దక్కించుకున్న సత్యనారాయణరాజు గారు తన దగ్గర పనిచేసేవాళ్లందరికీ ఏటా ఒక డైరీ ఇస్తారు. నాన్నకు రాసుకునే అలవాటు లేదు కాబట్టి అది నాకొచ్చింది. మొదటి పేజీలు ఖాళీగా పోయాయి. పోతే పోయాయి, విశాఖపట్నం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నేనూ ఖాళీగానే ఉన్నాను.

ఈ రోజు వీరవేణి పిన్ని వచ్చింది. నరసాపురంలో ఎవరు కనబడినా ఇదే ప్రశ్న.

"ఎమ్మే అయిపోయింది కదే ఉషా, ఇంకా ఏం చదువే?"

"బెంగళూరులో ఎం.ఫిల్. పిన్నీ. రెండేళ్లు ఆసుపత్రిలోనే ఉండి నేర్చుకోవాలి. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు మెదడు మీద."

"మెదడు కోత్తావా?"

"కొయ్యను. పక్షవాతం వచ్చినవాళ్లకీ, తలకి దెబ్బ తగిలినవాళ్లకీ, మతిమరుపు వచ్చినవాళ్లకీ మెదడులో ఏ పని చెడిందో, ఏది బాగుందో పరీక్షలు పెట్టి తేల్చాలి."

"అయితే డాక్టరువన్న మాట."

"డాక్టర్ని కాదు పిన్నీ."

"డాక్టరువి కాకుండానే ఇన్నేళ్లా!" అని అమ్మ వైపు జాలిగా చూసింది.

నవ్వొచ్చింది. కానీ ముందు సీటు రావాలి కదా. ఆ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రవేశ పరీక్షకు దేశం నలుమూలల నుంచీ వస్తారు. నేనేమో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే సరంగు కూతుర్ని. ఇంగ్లీషులో గబగబా మాట్లాడాల్సి వస్తే నాలుక మడత పడుతుంది.

27 జనవరి

విశాఖలో మా మాస్టారు చివరి రోజున చెప్పిన మాట ఇక్కడ రాసి పెట్టుకోవాలి. "పుస్తకం ఎవరైనా చదువుతారమ్మా. పరీక్ష పెట్టడం చేతికి రావాలి. రోజూ ఎవరో ఒకరికి పెట్టు. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా నీ ముఖం మారకూడదు. ఎన్ని వచ్చాయో చెప్పకూడదు."

తెలుగులో నా దగ్గర అలాంటి పరీక్షలేవీ లేవు. అందుకని నేనే పది మాటలు రాసుకున్నాను. తాళం, ఆవు, గొడుగు, బెల్లం, కిటికీ, మేఘం, చెప్పు, మిరప, నిచ్చెన, గంట. ఒక్కొక్కటీ నిదానంగా చదవాలి. ఎదుటి మనిషి గుర్తున్నన్ని తిరిగి చెప్పాలి. అరగంట వేరే కబుర్లు చెప్పి మళ్లీ అడగాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలాగే ఉంటుంది.

అమ్మను కూర్చోమంటే "చేపలు ఎవరు తోముతారు, నీ ఆవూ గొడుగూనా?" అంది. నాన్న మాత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, నిజంగా పరీక్ష హాల్లోకి వెళ్తున్నట్టు వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆరు చెప్పాడు. అరగంట తర్వాత రెండు.

ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి. గోదావరి మీద పంటు నడపడం తప్ప ఇలాంటివి అలవాటు లేవు. అలవాటు లేనప్పుడు అన్నే వస్తాయి.

"ఎన్నొచ్చినాయమ్మడూ?" అని అడిగాడు లేస్తూ.

"బాగానే వచ్చాయి నాన్నా."

6 ఫిబ్రవరి

మొదటిసారి ఏడు. అరగంట తర్వాత నాలుగు. పెరుగుతున్నాయి.

నాన్న ఈ రోజు "నీ పరీక్ష ఎప్పుడమ్మడూ?" అని మూడుసార్లు అడిగాడు. ఏప్రిల్లో అని మూడుసార్లూ చెప్పాను. నాకన్నా ఆయనకే ఎక్కువ కంగారుగా ఉంది.

15 ఫిబ్రవరి

అంకెలు వెనక్కి చెప్పించే పరీక్ష మొదలుపెట్టాను. ఐదు, రెండు, తొమ్మిది అంటే తొమ్మిది, రెండు, ఐదు అనాలి. నాన్నకు విసుగొచ్చింది. "గోదావరి ఎనక్కి పారుద్దేంటే?" అన్నాడు. మానేశాను.

గడియారం బొమ్మ గీయమన్నాను. గుండ్రంగా గీశాడు. అంకెలన్నీ ఒక పక్కకే పోగు పెట్టి, మిగతా సగం అలా వదిలేశాడు. పెన్సిలు పట్టి ఎన్నేళ్లయిందో. చదువుకోని వాళ్లకు ఈ పరీక్ష సరిపోదని పుస్తకంలోనే ఉంది. అదీ మానేశాను.

పది మాటలే నయం. ఆయనకూ సరదాగా ఉంది.

2 మార్చి

చిట్టియ్య మావయ్య పొద్దున్నే వచ్చి నాన్నను రేవుకు తీసుకెళ్లాడు. మావయ్య అంటే చుట్టం కాదు, పంటు మీద నాన్నకు చేదోడు. ఇన్నేళ్లుగా "బావా" అని పిలిచి పిలిచి చుట్టమైపోయాడు. ఇదివరకు నాన్నే దారిలో ఆయన్ని నిద్ర లేపి తీసుకెళ్లేవాడు. ఈ మధ్య ఆయనే మా గుమ్మంలోకి వస్తున్నాడు.

"ఏంటి మావయ్యా, తెల్లారేసరికే నీకు మెలకువ వచ్చేస్తోందా?" అన్నాను.

"ఆయ్, వయసైపోతంది కదమ్మా" అన్నాడు. నా ముఖం చూడలేదు.

12 మార్చి

తొమ్మిది!

2 ఏప్రిల్, ఉగాది

పచ్చడికి మామిడికాయలు తెమ్మంటే నాన్న రెండుసార్లు తెచ్చాడు. రెండోసారి తెచ్చినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరి వేసేది. సంచీ అందుకుని, మొదటి కాయల పక్కనే పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

పండగ పూట మామిడికాయలు ఎక్కువైతే ఏం పోయింది.

"నీ పరీక్ష ఎప్పుడమ్మడూ?"

21 ఏప్రిల్

హైదరాబాద్ వెళ్లి రాసి వచ్చాను. మెదడు భాగాల మీద అడిగినవన్నీ వచ్చాయి. గణితం దగ్గర తడబడ్డాను. నా పక్కన కూర్చున్న ఢిల్లీ అమ్మాయి అదనపు కాగితం అడిగిన ప్రతిసారీ నా గుండె ఒక మెట్టు కిందకు దిగింది.

రాదు. ఈసారికి రాదనే అనుకుని ఉండాలి. అనుకుంటే తర్వాత ఏడుపు తగ్గుతుంది.

9 మే

ఇంటర్వ్యూకు పిలిచారు! అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. నాన్న రేవులో అందరికీ చెప్పాడట. ఒకరికే నాలుగుసార్లు చెప్పాడని చిట్టియ్య మావయ్య నవ్వుతూ చెప్పాడు. అంత సంతోషం.

పది మాటలు: పది. అరగంట తర్వాత: పది. వరస కూడా తప్పలేదు. తాళం నుంచి గంట దాకా గుక్క తిప్పుకోకుండా, ఎక్కం ఒప్పచెప్పినట్టు చెప్పేశాడు. ఇంత మంచి జ్ఞాపకం ఉన్న మనిషి గురించి అనవసరంగా బెంగ పెట్టుకున్నాను.

బెంగ పెట్టుకున్నానని ఇంతవరకు ఇక్కడ రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను, ఎక్కడా లేదు.

27 మే, బెంగళూరు

ఐదుగురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న నెరిసిన జుట్టు మేడం అడిగింది ఇదీ. ఒక రోగికి ఒకే పరీక్ష నెలల తరబడి పెట్టారు. మార్కులు పెరుగుతూ వచ్చాయి. ఇంట్లోవాళ్లేమో మనిషి మునుపట్లా లేడంటున్నారు. నువ్వు దేన్ని నమ్ముతావు?

నా నాలుక మడత పడలేదు. ఇంగ్లీషు ధారాళంగా వచ్చింది. ఇంట్లోవాళ్ల మాటే నమ్ముతాను, పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, ఆ రోగి ఆ పరీక్షను బట్టీ పట్టాడు, వేరే మాటలతో కొత్త పరీక్ష పెడితే అసలు సంగతి బయటపడుతుంది అని చెప్పాను.

మేడం నవ్వింది. "చాలా బాగా చెప్పావు" అంది.

చాలా బాగా చెప్పాను.

28 మే

రైల్లో ఒక్క కునుకు కూడా పట్టలేదు.

10 జూన్

సీటొచ్చింది. జూలై నెలాఖరుకు చేరాలి.

ఈ వాక్యం రాయడానికి ఐదు నెలలు ఎదురు చూశాను. రాశాక ఇంకేం రాయాలో తోచడం లేదు.

సత్యనారాయణరాజు గారింటికి మిఠాయి పట్టుకెళ్లాను. ఆయన చాలా సంతోషించారు. నన్ను కూర్చోబెట్టి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"చూడమ్మా, పుష్కరాలు వచ్చేస్తున్నాయి. పంటు మీద జనం మామూలుగా ఉండరు. మీ నాన్న ఈ మధ్య మునుపట్లా లేడని ఒకరిద్దరు నా చెవిన వేశారు. నేనైతే పట్టించుకోలేదనుకో. అయినా నువ్వు చదివిందే ఆ చదువు కదా. నువ్వు చెప్పు, బాగానే ఉన్నాడా?"

"రోజూ నేనే పరీక్ష పెడుతున్నానండి. పదికి పది వస్తున్నాయండి."

"హమ్మయ్య! ఇంకేంటి మరి! ఇంట్లోనే పరీక్షలు పెట్టే మనిషి ఉండగా ఊళ్లో వాళ్ల మాటలెందుకు?"

నేను చెప్పింది అబద్ధం కాదు. పదికి పదే వస్తున్నాయి. అబద్ధమైతే కాదు.

19 జూన్

ఈ రోజు పరీక్ష పెట్టలేదు. తలనొప్పి.

20 జూన్

పెట్టకూడదనుకున్నాను. నాన్నే వచ్చి పీట మీద కూర్చుని "అడగవేంటమ్మడూ?" అన్నాడు. అడిగాను. పది.

కొత్త మాటలు పది రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? చీటీ మీద రాసుకోవడమే. పెట్టెలో బట్టలు సర్దుకోవాలి, సర్టిఫికెట్లు అటెస్టు చేయించుకోవాలి. ఎన్ని పనులు.

5 జూలై, శనివారం

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి.

సర్టిఫికెట్ల మీద సంతకాల కోసం అవతలి ఒడ్డుకు వెళ్లాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు నాన్న పంటే ఎక్కాను. బడి పిల్లలు, కొబ్బరికాయల బస్తాలు, మోటారు సైకిళ్లు, పసిపిల్లాడిని ఎత్తుకున్న ఒక అమ్మాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చింది, ప్రవాహం వడిగా ఉంది. నాన్న చుక్కాని దగ్గర నిలబడి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నాకు చిన్నప్పటిలాగే గర్వంగా అనిపించింది.

సగం దూరం వచ్చాక పంటు దిగువకు తిరిగింది. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. చిట్టియ్య మావయ్య మాత్రం పరుగెత్తాడు.

"బావా, అటు కాదు! రేవు ఇటు!"

"నాకు చెప్తావేంట్రా? రేవు కాడి తాటిచెట్టు కనపడతం లేదా?"

అక్కడ తాటిచెట్టు లేదు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఉండేది. ఎనభై ఆరు వరదలో ఆ చెట్టూ, ఆ పాత రేవూ కలిసే కొట్టుకుపోయాయి. ఇప్పుడక్కడ నీళ్ల కింద విరిగిన రాతిమెట్లు తప్ప ఏమీ లేవు. నాన్న పంటును నేరుగా వాటి మీదకు తీసుకెళ్తున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఏ బెరుకూ లేదు.

మావయ్య నాన్నను భుజంతో పక్కకు తోసి చుక్కాని లాక్కున్నాడు. పంటు కింద రాయి గీసుకున్న చప్పుడు. ఒక మోటారు సైకిలు పడిపోయింది, పిల్లలు కేకలు పెట్టారు. పసిపిల్లాడి తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత పంటు నెమ్మదిగా ఎగువకు మళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదని రేవు నుంచి ఇంటి దాకా నాలో నేనే అనుకుంటూ నడిచాను.

దిగాక మావయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"ఇది మూడోసారమ్మా. మొదటి రెండు మాట్లూ ఖాళీ పంటు. రాజుగారితో చెప్దామని ఎల్లేను. నువ్వు బాగానే ఉన్నాడన్నావంట గదా. చదువుకున్న పిల్ల, పైగా కన్నకూతురు, నీకు తెలవదా, నేనే తప్పుగా చూత్తన్నానేమో అనుకుని ఊరుకున్నాను."

తప్పు మావయ్య చూసిన చూపులో లేదు.

6 జూలై

కొత్త మాటలు రాశాను. పావు గంట కూడా పట్టలేదు. కత్తి, కాకి, దుప్పటి, చింతపండు, తలుపు, వెన్నెల, ఉంగరం, గుమ్మడి, బండి, ఈల.

నాన్న ఎప్పటిలాగే ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. నిన్నటి సంగతి ఆయనకు గుర్తుందో లేదో తెలియదు. నిదానంగా చదివాను.

"కత్తి" అన్నాడు. "కాకి" అన్నాడు. ఆగాడు. గోడ వైపు చూశాడు. ఆ తర్వాత ముఖం వెలిగింది. వేళ్లు ముడుస్తూ మొదలుపెట్టాడు. "తాళం, ఆవు, గొడుగు, బెల్లం, కిటికీ, మేఘం, చెప్పు, మిరప, నిచ్చెన, గంట! ఎన్నొచ్చినాయమ్మడూ?"

ముఖం మారకూడదు. నా ముఖం ఏమైందో నాకు తెలియదు, ఆయన ముఖం మాత్రం మారిపోయింది.

"రెండు నాన్నా" అన్నాను. ఆయనకు నిజం చెప్పడం ఇదే మొదటిసారి.

వంటింటి గుమ్మంలోంచి అమ్మే అంది, "ఇంక చాలు, చెప్పేయండి దానికి."

నాన్న తల వంచుకుని తన వేళ్లే చూసుకుంటున్నాడు. అమ్మే చెప్పింది. "రోజూ నువ్వు పడుకున్నాక నాకు ఒప్పచెప్పేవారే. తాళం, ఆవు అనుకుంటా. చలికాలం నుంచీ ఆయనకు తెలుత్తానే ఉంది, బుర్ర సరిగా పని చేత్తం లేదని. మార్కులు తగ్గితే నువ్వు సదువు మానేసి ఇక్కడే కూకుండిపోతావని భయం. నీకు సీటొచ్చేదాకా ఎలాగోలా నెట్టుకురావాలన్నారు."

"మరి పంటు మీద అంతమంది జనం ఉంటారు కదా నాన్నా!" అని అరిచాను. నిజానికి ఆ మాట అనాల్సింది నన్ను నేను.

"గోదావరిని మర్చిపోతాననుకోలేదమ్మడూ" అన్నాడు.

చలికాలం నుంచి ఆయనకు తెలుసు, అమ్మకు తెలుసు, మావయ్యకు తెలుసు. నాకైతే జనవరిలో, ఆయనకు రెండే వచ్చిన ఆ మొదటి రోజే తెలిసింది. తెలియకపోతే ఇంటర్వ్యూలో ఆ మేడానికి అంత ధారాళంగా ఎలా చెప్పగలిగాను!

7 జూలై

రాజుగారి దగ్గరకు ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. నాన్న చెప్పులేసుకుని వెంట వచ్చాడు.

"నేను మీకు చెప్పింది తప్పండి" అన్నాను. ఎలా తప్పో చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూశారు, కోపం వచ్చిందనే అనుకున్నాను. వచ్చే ఉంటుంది. నాన్న ఉన్నాడని మింగేశారు.

"పల్లంరాజూ, ఇప్పుడేం చేద్దామంటావు?" అని నాన్ననే అడిగారు.

"చిట్టియ్యకు ఇచ్చేయండి బాబూ. ఆడి చెయ్యి మంచిది" అన్నాడు నాన్న. ఇంజను తాళం మొలతాడు నుంచి విప్పి బల్ల మీద పెట్టాడు. విప్పడానికి మాత్రం కాస్త సేపు పట్టింది. సాయం చేద్దామని చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

14 జూలై

రాజమండ్రిలో మెదడు డాక్టరు గారు స్కానింగు చూసి, రెండు మందులు రాసి, వయసుకు ముందే వచ్చిన మతిమరుపు అన్నారు. మెల్లగా పెరుగుతుందట. అంకెలు వెనక్కి చెప్పమన్నారు. గడియారం గీయమన్నారు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

బెంగళూరు మానేస్తానని బస్సులో చెప్పాను. నాన్న కిటికీ లోంచి బయటకు చూస్తున్నాడు, విన్నాడో లేదో అనుకున్నాను. తణుకు దాటాక అన్నాడు. "నువ్వు ఎల్లకపోతే నేను ఇన్నాళ్లూ బట్టీ పట్టిందంతా గోదాట్లో కలిసిపోయినట్టే గదే."

26 జూలై

రేపు ప్రయాణం. అమ్మ "నేనున్నాను, చిట్టియ్య ఉన్నాడు, నువ్వు నేర్చుకుని రా" అంది. భయంగా ఉంది. నేను వెళ్తున్నది చదువు కోసమా, ఇక్కడ చూడలేకనా అనే అనుమానం పీకుతోంది. రెండూ అయి ఉండొచ్చు. పెట్టె సర్దాను, తాళం వేశాను, తీశాను, మళ్లీ వేశాను.

"నీ పరీక్ష ఎప్పుడమ్మడూ?" అని అడిగాడు నాన్న.

"అయిపోయింది నాన్నా. పాసయ్యాను" అన్నాను. మళ్లీ కొత్తగా సంతోషపడ్డాడు.

10 ఆగస్టు, ఆదివారం, బెంగళూరు

పుష్కరాలు అయిపోయాయి. మన పంటును చిట్టియ్య మావయ్య నడిపాడు, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక్కడ ఆసుపత్రి బీరువాలో ఒక్కో పరీక్షకు రెండు మూడు రకాల జాబితాలు ఉన్నాయి. ఒకే మనిషికి ఒకే జాబితా మళ్లీ పెట్టకూడదని మొన్న మేడం చెప్పింది. అందరూ నోట్సులో రాసుకున్నారు. నేను రాసుకోలేదు.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి వీరవేణి పిన్ని ఇంటికి ఫోను చేశాను. అమ్మానాన్నలను పిలిపించింది. అమ్మ మాట్లాడాక నాన్నకు ఇచ్చింది.

"ఎవరండీ మాట్లాడేది?"

నన్ను ఆయన అండీ అనడం నేనెప్పుడూ వినలేదు. "నేను నాన్నా. ఉషని."

"మా అమ్మాయి ఇంట్లో లేదండి. బెంగళూరు ఎల్లిందండి. పెద్ద సదువండి" అన్నాడు, ఎంతో మర్యాదగా, ఎంతో గొప్పగా.

వెనక క్యూలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎందుకన్నానో తెలియదు, "తాళం" అన్నాను.



"ఆవు" అన్నాడు. "గొడుగు, బెల్లం, కిటికీ, మేఘం, చెప్పు, మిరప, నిచ్చెన, గంట." ఊపిరి పీల్చుకున్నాడు. "ఎన్నొచ్చినాయమ్మడూ?"

"పదికి పది నాన్నా."

ముఖం మారకూడదన్న మాస్టారి మాట గుర్తొచ్చింది. ఫోనులో కనిపించదు కాబట్టి సరిపోయింది.